రిజిస్టర్ చూసి ఎక్కించుకునే పోషకాహార శాస్త్రం

పది రోజులుగా ఒకే సందేశం నాకు ఎనిమిది సార్లు చేరింది. న్యూట్రిషన్ విద్యార్థులకు ‘సీనియర్ సలహా’ పేరుతో తిరుగుతున్న ఆ సందేశం చెప్పేదేమిటంటే, అంగన్‌వాడీలకు పంపే ఫీల్డ్ పోస్టింగ్ దండగ. అక్కడ పిల్లలను తూచడం తప్ప పనేమీ లేదు. ఎత్తులూ బరువులూ రిజిస్టర్‌లో ఎలాగూ ఉంటాయి కనుక చూసి ఎక్కించుకుంటే చాలు. అంగన్‌వాడీ టీచర్ల దగ్గర నేర్చుకునేదేమీ ఉండదు. ఉద్యోగం తెచ్చేది ఆస్పత్రి ఇంటర్న్‌షిప్ ఒక్కటే. పైగా కళాశాలలు విద్యార్థులతో వెట్టి చేయించుకుంటున్నాయి. పంపినవారిలో ఇద్దరు వచ్చే సోమవారం పోస్టింగ్‌కు వెళ్లవలసిన నా విద్యార్థినులే కావడంతో ఊరుకోలేక ఈ జవాబు రాస్తున్నాను.

తూచడం తప్ప పనేమీ లేదన్న మాట తూచడం సరిగా వచ్చినవారు అనరు. అంతకన్నా దానికి జవాబు అక్కర్లేదు.

‘చూసి ఎక్కించుకోండి’ అన్న సలహా మాత్రం అలా వదిలేసేది కాదు. రెండేళ్లు నిండని బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, నిండిన బిడ్డను నిలబెట్టి కొలవాలి. ఈ రెండు కొలతల మధ్య దాదాపు 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఏడాదిన్నర పిల్ల ఏడుస్తోందని గోడకు ఆనించి నిలబెట్టి కొలిచేస్తే పొడవు తగ్గి వస్తుంది, తగ్గిన పొడవుకు ఆ బరువు చాలినట్టే కనిపిస్తుంది, తీవ్ర లోపం అంచున ఉన్న పిల్ల కాగితం మీద కోలుకుంటుంది. పోయిన ఏడాది మేము వెళ్లిన ఒక కేంద్రంలో ఒక పాప బరువు మూడు నెలలుగా 8.2 కిలోలు అనే రాసి ఉంది. మా విద్యార్థిని ఆ పాప స్వెట్టరు విప్పించి, తల్లిని బతిమాలి వెండి కడియాలూ మొలతాడూ తీయించి తూస్తే 7.5 వచ్చింది. నమ్మలేక మళ్లీ తూచింది, అంతే వచ్చింది. ఎడమ భుజానికీ మోచేతికీ మధ్య కొలత పట్టీ చుట్టి చూస్తే 11.3 సెంటీమీటర్లు. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ కొలత 11.5 కంటే తగ్గిందంటే తీవ్ర పోషకాహార లోపమని మన విద్యార్థులు పరీక్షలో రెండు మార్కులకు రాస్తారు. సీనియర్ గారి సలహా పాటించి ఉంటే ఆ పాప 8.2 కిలోలతోనే నాలుగో నెలలోకీ, అక్కడి నుంచి మా రికార్డులోకీ నిక్షేపంగా నడిచి వచ్చేది. అయినా ఎక్కించుకోవడమే పద్ధతి అయినప్పుడు రిజిస్టర్ దాకా వెళ్లే శ్రమ మాత్రం ఎందుకు? పోయిన బ్యాచ్ రికార్డు జిరాక్స్ తీయిస్తే ఎండ కూడా తగలదు.

టీచర్లకు ఏమీ తెలియదన్నవారు, కార్డు పోగొట్టుకున్న తల్లి ‘సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు పుట్టింది’ అన్నప్పుడు వయసు నెలల్లో కట్టి చూపాలి. మా విద్యార్థులు క్యాలెండర్ వెతుకుతుండగానే టీచరమ్మ నెలా తేదీ చెప్పి, అదే వారంలో పక్కింట్లో పుట్టిన బాబు కార్డుతో సరిచూసింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన అంగన్‌వాడీల పథకం (ఐసీడీఎస్) ఇన్నేళ్లు నడిచింది ఇటువంటి టీచర్ల మీద, ఆయాల మీద.

ఆస్పత్రి సంగతిలో కొంత నిజముంది. ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష రాయాలంటే ఆస్పత్రి ఇంటర్న్‌షిప్ తప్పదు, దాన్ని మానమని ఎవరూ చెప్పడం లేదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. ఎత్తు తక్కువైందని ఏ తల్లీ ఓపీ చీటీ రాయించుకోదు. నెలకు సరిపడాలని ఇచ్చిన రెండున్నర కిలోల బాలామృతం (అంగన్‌వాడీలో చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పిండి) పది రోజులకే ఎందుకు అడుగంటిందో వార్డులోని డైట్ షీట్ చెప్పదు. ఆ ఇంటి వంటగదిలో కూర్చుని, ‘మీరు పెట్టే గిన్నె తీసుకురండమ్మా’ అని అడిగి, అందులో నీళ్లు పోసి కొలుస్తూ నిన్న పొద్దుటి నుంచి ఎవరెవరు ఏమేం తిన్నారో రాసుకుంటే, బడికి వెళ్లే అన్న, పళ్లు లేని నాయనమ్మ కూడా ఆ ప్యాకెట్టులో వాటాదారులని తేలుతుంది. అప్పుడు ఆ తల్లికి ఏం చెప్పాలన్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ తయారుగా ఉండదు.

ఇక వెట్టి సంగతి. దీన్ని కూడా ఖండించాలనే కూర్చున్నాను కానీ, ఖండించలేను. పర్యవేక్షకులు ఒక్కసారైనా రాకుండా, కొలిచే పరికరాలు ఇవ్వకుండా, బస్సు చార్జీలు విద్యార్థుల జేబులోంచే పెట్టించి, ఎవరి ప్రాజెక్టుకో మూడు వందల ఇళ్ల సర్వే చేయించి, దానినే పోస్టింగ్ అని సర్టిఫికెట్ ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు. మరుగుదొడ్డి లేని కేంద్రానికి ఆడపిల్లలను రోజంతా పంపినవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. సందేశంలోని ఆ ఒక్క పేరా అక్షరాలా నిజం. కాకపోతే దాన్ని పంపవలసింది జూనియర్లకు కాదు, మాకు.