కుర్చీ కాలూ, కందుకూరూ

మా ఇంట్లో టేకు కుర్చీ ముందు కాలు ఏడాదిలో ఐదుసార్లు ఊడింది. మొదటి నాలుగుసార్లూ నేనే అంటించాను. కాబట్టి చెక్క బంకల బలహీనత గురించి మాట్లాడే అర్హత కందుకూరులో నాకున్నంతగా ఇంకెవరికీ లేదని సవినయంగా మనవి.

నా పద్ధతి ఒకటే: ఊడేకొద్దీ బంక ఎక్కువ పొయ్యడం. మొదట చెంచాడు, తర్వాత అరడబ్బా. మూడోసారి బెజ్జం వదులైందని రంపపు పొట్టు కలిపి ముద్దచేసి కూరాను. నాలుగోసారి అంటించి గంట కాలేదు, బావగారు దిగారు. మర్యాద కదా, "కూర్చోండి బావగారూ" అన్నాను. కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత నేల మీద కూర్చున్నారు.

వడ్రంగి ఆచారిని పిలిపించాను. ఊడిన కొనను బొటనవేలితో రుద్ది చూశాడు. గాజులా నున్నగా పాత బంక. "సారూ, మీరు చెక్కకు చెక్క అంటించలా. ఎండిన బంకకు బంక అంటించారు" అన్నాడు. టేకులో నూనె ఉంటుంది, అప్పుడే చిత్రిక పట్టిన ముఖానికే బంక రాయాలట. తెల్ల బంకలో సగానికి సగం నీళ్లేనట, అవి చెక్కలోకి ఇంకి ఆరాకే పట్టు దొరుకుతుందట. పొర పలుచగా ఉండాలి, గట్టిగా బిగించాలి. చెక్క నార పొడుగునా ఆనించి సరిగ్గా అతికితే పక్క చెక్క విరగాలేగాని అతుకు విడవదు. అడ్డంగా కోసిన కొన మాత్రం బంకను పీల్చేస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు.

తప్పు బంకదైతే ఎంత హాయిగా ఉండేది!

పాత పొరంతా ఉలితో గీకి, పలుచగా రాసి, కాళ్ల చుట్టూ నులకతాడు చుట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలితిప్పాడు. అంచు వెంట బంక పూసల్లా పొంగింది. తడిగుడ్డతో తుడిచాడు. "రేపు ఈ వేళదాకా ఎవురూ ముట్టుకోబాకండి."

ఒక రోజంతానా! మన దగ్గర అంత ఓపిక ఎవరికుంది? మా ఊరినే చూడండి. 1970లో నెల్లూరు నుంచి ఊడదీసి, కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాకు అంటించారు. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. యాభై రెండేళ్లు, పాపం, బాగానే పట్టింది. 2022లో మళ్లీ నెల్లూరుకు అంటించారు. ఆ అతుకు ఆరకముందే గోకుడు మొదలు. పాత బంక గీకిందెవరు? బోర్డు మీద రంగు మాత్రం కొట్టారు.

ఉదయగిరి చెక్క గరిటెలవాళ్లే నయం. ఒకే ముక్కను చెక్కుతారు, అతుకన్న మాటే లేదు.

కనుక శాస్త్రజ్ఞులకు నా విన్నపం. దుమ్ము మీదా, నూనె మీదా, పాత బంక మీదా, బిగించకుండా, గంటలో పట్టే బంక కనిపెట్టండి. మేం మారే రకం కాదు.

రాత్రి పదకొండుకు మెలకువొచ్చింది. పట్టిందో లేదోనని కుర్చీని కాస్త కదిపి చూశాను. కాస్తే.