కీబోర్డు పోయి శాలువా వచ్చె ఢాం ఢాం

కూకట్‌పల్లి నుంచి ఘట్‌కేసర్ దాకా ఏ ఇంజనీరింగ్ కాలేజీ చూసినా, కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ ఎదుగుదలకు ఒకటే కొలత. కంప్యూటర్‌కు ఆయన ఎంత దూరం జరిగారన్నదే. ఇది వేళాకోళం కాదు. నాకు సి లాంగ్వేజ్ చెప్పిన సారును ఇరవై ఏళ్లుగా గమనిస్తున్నాను.

లెక్చరర్‌గా ఉన్నప్పుడు ల్యాబ్‌లో మా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ప్రోగ్రామ్‌లో పాయింటర్ ఎక్కడ దారి తప్పిందో వేలుపెట్టి చూపించేవారు. హెచ్‌ఓడీ అయ్యాక ల్యాబ్ పోయి టైంటేబుల్ వచ్చింది. డీన్ అయ్యాక టైంటేబుల్ పోయి, కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ వచ్చింది. ఏడు క్రైటీరియాలు, వాటికి గుట్టలుగా ఫైళ్లు. న్యాక్ తనిఖీ బృందం రేపు వస్తుందనగా, రాత్రి పదకొండింటికి గేటు దగ్గర నిలబడి పూలకుండీలను ఎత్తుల వారీగా సర్దిస్తున్నారు. ఒకదాన్ని రెండుసార్లు జరిపించారు. సార్టింగ్ మరిచిపోలేదని సంతోషించాను.

ఇప్పుడు ప్రిన్సిపాల్. పోయిన నెల కలవడానికి వెళ్తే బల్ల మీద మానిటర్, దాని మీద కప్పిన శాలువా, వెనక బీరువా నిండా మెమెంటోలు.

"ఏం చేస్తున్నావురా?"

"కోడింగే సార్."

"ఇంకా అదేనా!" అని జాలిపడ్డారు. ఇంతలో ఫోనెత్తి, సివిల్ వాళ్ల సర్వేయింగ్ గది ఖాళీ చేయించమన్నారు. ఏఐ-ఎంఎల్‌కు ఇంకో సెక్షన్ వచ్చిందట. పాఠం ఎవరు చెబుతారని అడిగాను. "అది తర్వాత. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గరపడింది, ముందు బోర్డు మార్చాలి కదా!"

మరి రాజ్ రెడ్డి గారి సంగతేమిటని కొందరు అడ్డుపడతారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఆ సివిలే చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేసే పనిలో పడ్డారు. 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్, 1991లో కంప్యూటర్ సైన్స్ డీన్, 1994లో కంప్యూటర్ రంగపు నోబెల్ అనే ట్యూరింగ్ అవార్డు. మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షులుగానూ పనిచేశారు. డీన్ అయ్యాక కూడా కంప్యూటర్ శాస్త్రవేత్తగానే పేరు నిలబెట్టుకున్నారంటే, పాపం, ఆయనకు పూలకుండీలు సర్దే అవకాశం ఎవరూ ఇచ్చినట్టు లేదు.

లేచి వస్తుంటే సార్ ఆపారు. "ఒరేయ్, మెయిల్‌కు పీడీఎఫ్ ఎలా తగిలిస్తారో కాస్త చూసిపో."

శాలువా తీశాను. మానిటర్ వెనక వైరు వేలాడుతోంది గానీ, సీపీయూ లేదు.

"ఓ, అదా! ఎగ్జామ్ బ్రాంచి వాళ్లడిగితే పోయిన ఏడాదే ఇచ్చేశాను. నాకెందుకులే అని."