ఆ జతను విడదీయకండి

బ్రస్సెల్స్‌లో మీ మామగారు వదిలివెళ్లిన జేబు పిస్తోళ్ల జతలో ఒకటి అమ్మి, ఒకటి ఉంచుకోవాలా అని రాశారు. దయచేసి విడదీయకండి. జతకు పలికే ధర విడివిడిగా అమ్మితే రాదు. గొట్టం మీద కోలగా ఉన్న గీతలో ఈఎల్‌జీ అక్షరాలున్నాయేమో చూడండి, అది బెల్జియంలోని లియేజ్ నగరంలో తుపాకులను పరీక్షించే కేంద్రం వేసే ముద్ర. దానిపైన కిరీటం లేకపోతే 1893కు ముందువే. మర తిప్పి ఊడదీసే గొట్టాలైతే వాటి మీది నంబర్లు పిస్తోలు కిందిభాగం మీది నంబర్లతో కలవాలి. కానీ లోపల పాత తుపాకిమందు, గుండు ఉండిపోవచ్చు, తెలిసినవాళ్లకు చూపించకుండా ఊడదీయొద్దు. పాలిష్ మాత్రం అస్సలు పెట్టకండి! తళతళలాడేలా తోమిన పాత పిస్తోలును చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. లియేజ్‌లో ఇలాంటివి లెక్కలేనన్ని తయారయ్యాయి, పెద్ద మొత్తమేమీ రాదు. డబ్బు అవసరం లేకపోతే ఉంచేసుకోండి.