ముద్దాయి హిమాలయం

నేపాల్‌లో విమానం కూలితే మొదట అనుమానించేది కొండలను. మేఘాలు సహనిందితులు. వీటి తరఫున వకీలు రాడు, అప్పీలు ఉండదు, పారిపోతాయన్న భయమూ లేదు. ఇంత అనుకూలమైన ముద్దాయి దొరికాక ఇంకొకరి కోసం వెతకడం ప్రజాధనం దుబారా అని నా అభిప్రాయం.

అభియోగం ఉత్తదేమీ కాదు. ఎవరెస్టు దారి పట్టేవారు దిగే లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. అదీ చదునుగా ఉండదు, జారుడుబల్లలా వాలి ఉంటుంది. ఒక కొసన కొండ గోడ, రెండో కొసన లోయ. ఖాట్మండులో దిగబోతూ 1992లో రెండు నెలలైనా తిరక్కుండా రెండు విదేశీ విమానాలు కొండలకు కొట్టుకుని 280 మంది పోయారు. ఆ సంఖ్య దగ్గర నా కలం కూడా తలవంచుతుంది.

ప్రాసిక్యూషన్‌కు చిక్కు 2023 జనవరి 15న వచ్చింది. పోఖరాలో కొత్త విమానాశ్రయం తెరిచి రెండు వారాలైంది. ఆకాశం నిర్మలంగా ఉంది, కొండలు తమ మానాన తాము దూరంగా ఉన్నాయి. దిగబోతున్న విమానంలో ఫ్లాప్‌లను, అంటే రెక్కల వెనక అంచున ఉండే పలకలను, దించే మీటకు బదులు ప్రొపెల్లర్ల మీటలు కదిలాయి. ముందుకు లాగే బలం పోయి విమానం కూలింది. ఉన్న 72 మందిలో ఒక్కరూ మిగలలేదు. శిక్షణ చాలలేదని, నిర్ణీత పద్ధతులు పాటించలేదని దర్యాప్తు నివేదిక రాసింది. అయితే సిబ్బంది ఒత్తిడికి కారణాలు చెబుతూ చుట్టూ ఉన్న కొండల ప్రస్తావన కూడా తెచ్చింది. పాత నేరస్థుల పేరు లేకుండా చార్జిషీటు ముగించడం ఏ ఠాణాలోనూ ఆనవాయితీ కాదు కదా!

గిట్టనివాళ్లు వేరే మాట చెబుతారు. నేపాల్‌లో విమానాశ్రయాలు నడిపి రుసుము వసూలు చేసేదీ, భద్రత సరిగా ఉందా అని తనిఖీ చేసేదీ ఒకటే సంస్థ. 2013 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ నేపాల్ విమానయాన సంస్థలన్నిటినీ నల్లజాబితాలో పెట్టింది. ఈ రెండు పనులనూ విడదీయమని చెబుతూ వస్తోంది. విడదీసే బిల్లులు పార్లమెంటు చుట్టూ ప్రదక్షిణలు చేశాయి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఫలితాలు ఎంత త్వరగా వస్తాయో యూరపువాళ్లకు తెలియదు పాపం.

ఖాట్మండు విమానాశ్రయం తొలి పేరు గౌచర్, అంటే పశువులు మేసే బీడు. 1955లో త్రిభువన్ రాజు పేరు పెట్టారు. బీడు పోయింది, పశువులు పోయాయి. కంచె మాత్రం ఉంది, మేస్తూనే ఉంది. 2015లో పొగమంచులో దిగిన తుర్కియే విమానం ఒకటి రన్‌వే దాటి గడ్డిలోకి వెళ్లి కూర్చుంది. ప్రాణనష్టం లేదు కానీ, అప్పటికి దేశానికున్న ఏకైక అంతర్జాతీయ రన్‌వే నాలుగు రోజులు మూతపడింది. స్థలమహిమ అంటే అదే.

బాధ్యత వహించినవారు బొత్తిగా లేరనడం కూడా అన్యాయం. 2007లో నేపాల్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 757 మొరాయిస్తే, విమానం ఎదుటే ఆకాశ భైరవుడికి రెండు మేకలను బలి ఇచ్చారు. లోపం సరిదిద్దామని, విమానం మళ్లీ ఎగురుతోందని అధికారి ప్రకటించారు. సాంకేతిక లోపానికి ఇంత సత్వరంగా తలలు ఇచ్చినవారు నాకు మరెక్కడా కనబడలేదు.

ప్రజలు కూడా వెనుకబడలేదు. 2021 డిసెంబరులో బాజురా విమానాశ్రయంలో ఒక చిన్న విమానం టైరు పేలి రన్‌వే మీదే నిలిచిపోయింది. వెనక వచ్చే విమానం దిగాలి. ప్రయాణికులు దిగి, మనం ఆర్టీసీ బస్సును తోసినట్టు, విమానాన్ని పక్కకు తోశారు. చుట్టూ అన్ని కొండలున్నాయి, ఒక్కటి కూడా వచ్చి చేయి వేయలేదు. అభియోగ పత్రంలో దీన్ని కూడా చేర్చాలని మనవి.