సిలిండర్ లేని దుర్యోధనుడు

వీపున సిలిండర్ కట్టుకుని నీళ్లలో మునిగే స్కూబా డైవింగ్ పరికరాన్ని 1943లో ఫ్రాన్స్‌లో తయారుచేశారని రాస్తారు. జాక్ కూస్టో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు కలిసి, పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలే సాధనం చేశారట. బాగానే ఉంది. మరి ద్వైపాయన మడుగులో దాక్కున్న దుర్యోధనుడు ఏం పీల్చాడు? దీనికి ఫ్రాన్స్ దగ్గర సమాధానం లేదు.

నేను ఊరికే అనడం లేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్లి, హ్యావ్‌లాక్‌లో, అంటే 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్‌లో, స్వయంగా మునిగి పరిశోధించి వచ్చాను. మా ఆవిడ, బావమరిది కూడా మునిగారు. ఖర్చు సంగతి మా ఆవిడనడగండి. తేలిందేమిటంటే, స్కూబా అచ్చంగా మన పుణ్యస్నానమే. పేరు మార్చి మనకే అమ్ముతున్నారు.

ముందుగా సంకల్పం. ఒడ్డున ఒక కాగితం ఇచ్చారు. పేరు, వయసు, గుండెజబ్బు, ఉబ్బసం, చెవి ఆపరేషన్... గోత్రం ఒక్కటే అడగలేదు. చివర్న ‘ఏం జరిగినా బాధ్యత నాదే’ అని సంతకం. గోదావరి రేవులో పంతులుగారు అనమన్నవన్నీ అర్థం తెలియకుండానే అనేస్తాం కదా, ఇక్కడా ముగ్గురం చదవకుండానే పెట్టేశాం.

తర్వాత మడి. అంతకుముందే ఎవరో విడిచిన రబ్బరు సూట్లు తడితడిగా చేతికిచ్చారు. మా బావమరిదిని అందులోకి దింపడానికి ఇద్దరు కుర్రాళ్లు కావలసి వచ్చారు. తడిబట్ట కట్టడం మడి కాకపోతే మరేమిటి? ఒక్కచోట మాత్రం సిద్ధాంతం కాస్త ఇబ్బంది పెట్టింది. కళ్లద్దం మసకబారకుండా ఉండాలంటే అందులో ఉమ్మి రుద్దాలి. గ్లాసు ఎత్తిపెట్టుకుని తాగే వంశంలో పుట్టిన మా ఆవిడ, ఎందరో ఉమ్మిన అద్దంలో తానూ ఉమ్మింది. దాన్ని ఆచమనం కింద రాసుకున్నాను.

పురోహితుడి విషయమే అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. మా బావమరిది అరగంటసేపు ఇన్‌స్ట్రక్టర్‌తో తన హిందీలో మాట్లాడుతూ, మధ్యమధ్య మాతో తెలుగులో “వీడికేం రాదు, మనల్ని ముంచేస్తాడు” అంటూ వచ్చాడు. ఆ అబ్బాయి అన్నీ విని, “ముంచడమే కదండీ మా పని. ముక్కు మూసుకుని ఊదండి బాబూ” అన్నాడు. శ్రీకాకుళం వాళ్లట. 2011 జనాభా లెక్కల్లో అండమాన్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగని మా బావమరిదికి ముందే చెప్పాల్సింది.

ఆ ముక్కు సంగతీ చూడండి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి అదనంగా మీద పడుతుంది. చెవిలోని గాలి నొక్కుకుపోయి సూదితో పొడిచినట్టుంటుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే సర్దుకుంటుంది. మా అమ్మమ్మ పుష్కరాల్లో ముక్కు పట్టుకునే మునిగేది. ఆవిడ ఏ కోర్సూ చేయలేదు.

వీపున కట్టింది ఆక్సిజన్ సిలిండరేనా అని అడిగాను. కాదట. అందులో ఉన్నది మామూలు గాలే, నూటికి 21 పాళ్లు ఆక్సిజన్, తక్కినది దాదాపు అంతా నత్రజని. అంటే ఒడ్డున ఊరికే దొరికేదాన్ని కంప్రెసర్‌తో కుక్కి, మా వీపున మోయించి, మాకే అమ్మారు. ఆక్సిజన్ సిలిండర్ దుర్యోధనుడికీ లేదు, మాకూ లేదు. లెక్క సరిపోయింది.

నీళ్లలో మౌనవ్రతం. ఆకుపచ్చ చిలకచేప ఒకటి కనబడగానే మా బావమరిది ‘సూపర్’ అని బొటనవేలు పైకెత్తాడు. డైవింగ్ భాషలో దానికి ‘నన్ను పైకి తీసుకుపో’ అని అర్థం. తీసుకుపోయారు. మళ్లీ దించారు. నీమో చేపను చూసి మళ్లీ ఎత్తాడు. మళ్లీ తీసుకుపోయారు. బాగుందనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. అది చిన్ముద్ర కాదూ? దక్షిణామూర్తి మర్రిచెట్టు కింద నోరు మెదపకుండా చూపించింది అదే కదా!

లోతుకు పోతే ముందు ఎరుపు మాయమవుతుంది. గుళ్లో కట్టించుకున్న నా ఎర్రతాడు బూడిదరంగుకు తిరిగింది. అద్దంలోంచి చేపలు మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి. ఒడ్డుకొచ్చాక మా బావమరిది చెప్పిన చేప ఇంకా పెద్దది, అందులో నీళ్ల తప్పేమీ లేదు.

పగడాల దగ్గర చిన్న గొడవైంది. బావమరిదికి కుజదోషం ఉంది. ఉంగరానికి ఒక ముక్క విరుచుకుందామని చెయ్యి చాచాడు. ఇన్‌స్ట్రక్టర్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు. పగడం రాయి కాదు, ప్రాణి. వన్యప్రాణుల సంరక్షణ చట్టంలో పులిని పెట్టిన షెడ్యూల్లోనే దీన్నీ పెట్టారు. గర్భగుడి లాగే, చూడొచ్చు, తాకకూడదు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లగా పాలిపోయాయి. దీని గురించి మన శాస్త్రాల్లో ఏముందో నేనింకా వెతకలేదు.

కాళహస్తి వెళ్లినవాళ్లు ఇంకెక్కడా ఆగకుండా తిన్నగా ఇంటికి రావాలంటారు. ఇక్కడ తిన్నగా ఇంటికి వెళ్లకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోయేదాకా, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు విమానం ఎక్కొద్దట. ఆ రాత్రి హోటల్ బిల్లును దక్షిణ పద్దులో వేశాను.

ఇంటికొచ్చి అమ్మకు వీడియో చూపించాను. అందులో నేనూ బుడగలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. అమ్మ చివరిదాకా ఓపిగ్గా చూసి అడిగింది:

“ఇంతకీ ఎన్ని మునకలు వేశావురా?”

“ఒక్కటేనమ్మా. ఇరవై నిమిషాలు.”

“ఒక్కటేనా? అంత డబ్బు పోసి? మూడన్నా వెయ్యకపోతే స్నానమెలా అవుతుంది?”

పక్కన కూర్చున్న మా బావమరిది వేళ్లు లెక్కపెట్టుకుని, నా వైపు చూసి, బొటనవేలు పైకెత్తాడు.