క్యాన్సర్‌కు యాంటీసెన్స్ మందు: హైదరాబాద్ ఎక్కడ మొదలుపెట్టాలి?

అమెరికాలోని మన తెలుగు సంఘాల నుంచి హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రులకు వెళ్లే విరాళాల్లో ఎక్కువ భాగం యంత్రాలకూ, వార్డులకూ, పేద రోగుల మందుల ఖర్చుకూ పోతోంది. అది ఆగకూడదు. అయితే మనవాళ్లలో ఒలిగోన్యూక్లియోటైడ్ మందుల (క్లుప్తంగా ఒలిగోలు; చిన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ పోగులతో చేసేవి) మీద బోస్టన్‌లోనూ శాన్ డియాగోలోనూ ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు. తార్నాకలో, షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో సింథటిక్ కెమిస్టులకు కొదవ లేదు. ఈ రెండూ కలిస్తే క్యాన్సర్‌కు యాంటీసెన్స్ మందుల పని హైదరాబాద్‌లోనే గట్టిగా మొదలవుతుందని మా నమ్మకం. కాకపోతే మొదలుపెట్టే చోటు సరిగ్గా ఎంచుకోవాలి. ఏ జన్యువును కొట్టాలన్న చర్చకే ఏళ్లు ఖర్చు చేస్తే ఏమీ మిగలదు. మందు చేరగలిగే జబ్బును ముందు ఎంచుకుని, మందు శుద్ధికీ నిరూపణకూ డబ్బు పెట్టాలి.

యాంటీసెన్స్ మందు అంటే సాధారణంగా 16 నుంచి 20 అక్షరాలుండే చిన్న డీఎన్ఏ పోగు. కణంలో ఒక ప్రోటీన్ తయారీకి వెళ్తున్న మెసెంజర్ ఆర్ఎన్ఏతో ఇది అక్షరానికి అక్షరం జత కడుతుంది. ఆ జతను ఆర్ఎన్ఏజ్ హెచ్1 అనే ఎంజైమ్ గుర్తుపట్టి ఆర్ఎన్ఏ పోగును మాత్రం కోసేస్తుంది. మందు పోగు చెక్కుచెదరకుండా బయటపడి ఇంకో ఆర్ఎన్ఏ మీదికి వెళ్తుంది. 1978లో హార్వర్డ్‌లో పాల్ జామెక్నిక్, మేరీ స్టీఫెన్‌సన్ 13 అక్షరాల ముక్కతో రౌస్ సార్కోమా వైరస్‌ను అడ్డుకుని ఈ దారి చూపించారు. మిక్, స్టాట్3 లాంటి ప్రోటీన్ల మీద మామూలు మాత్రలోని అణువు కూర్చునేంత గుంట సరిగ్గా ఉండదు. వాటి ఆర్ఎన్ఏకు మాత్రం జత కట్టడానికి సీక్వెన్స్, అంటే అక్షరాల వరస, ఉంటుంది. క్యాన్సర్ పరిశోధకులకు యాంటీసెన్స్ మీద ఆశ పుట్టింది ఇందుకే.

ఆ ఆశ చాలాసార్లు భంగపడింది. బీసీఎల్2 జన్యువును అణచడానికి చేసిన ఆబ్లిమెర్సెన్‌ను రోజుకు కిలో బరువుకు 7 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు ఆపకుండా సెలైన్‌లో ఎక్కించేవారు. 771 మంది మెలనోమా రోగుల్లో కీమోతో కలిపి ఇచ్చినప్పుడు మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 7.8 నెలల నుంచి 9 నెలలకు పెరిగినట్టు కనిపించింది. గణాంకపరంగా అది రుజువు కాలేదు. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సలహా సంఘం ఒప్పుకోలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో కస్టిర్సెన్ అనే ఇంకో యాంటీసెన్స్ మందుదీ అదే దారి. వెయ్యి మందికి పైగా పాల్గొన్న మూడో దశ ట్రయల్ 2014లో విఫలమైంది. జన్యువును ఎంచుకోవడంలోనే తప్పు జరిగిందని చాలామంది అన్నారు. మేం అలా అనుకోవడం లేదు. ఆబ్లిమెర్సెన్‌లో వాడిన మొదటి తరం కెమిస్ట్రీ బలహీనంగా ఉంది, గడ్డలోకి మందు చాలినంత చేరలేదు, చేరిన కొద్దిపాటి కూడా అనుకున్న పనే చేసిందా అన్నది సరిగ్గా తేలలేదు.

చేరడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రక్తంలోకి ఎక్కించిన ఒలిగోలో పెద్ద వాటా కాలేయానికీ మూత్రపిండాలకూ పోతుంది. కణం దాన్ని లోపలికి మింగినా అది ఎండోసోమ్ అనే సంచిలో చిక్కుకుంటుంది. ఊళ్లోకి వచ్చిన ఉత్తరాలన్నీ పోస్టాఫీసు గోనెసంచిలోనే ఉండిపోయినట్టు, నూటికి ఒకటో అంతకన్నా తక్కువో బయటపడి ఆర్ఎన్ఏని కలుస్తుంది. కాలేయ కణాలకైతే గాల్‌నాక్ అనే చక్కెర గుర్తును మందుకు అతికించి ఈ ఇబ్బందిని చాలావరకు దాటారు. అది చూసి కాలేయ క్యాన్సర్‌కూ గాల్‌నాక్ పెడితే సరిపోతుందని ప్రతిపాదనలు వస్తాయి. ఆ గుర్తును పట్టుకునే రిసెప్టర్ ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణం మీద దండిగా ఉంటుంది. ముదిరి రూపు మారిన క్యాన్సర్ కణం మీద తగ్గిపోతుంది. అప్పుడు మందు రోగికి మిగిలిన మంచి కాలేయంలోకే వెళ్తుంది.

అందుకే ఎముక మజ్జతో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. మజ్జలో గట్టి గడ్డలో ఉన్నట్టు రక్తం అందని మూలలు అంతగా ఉండవు. రోగి నుంచి నమూనా తీసి మందు పనిచేసిందో లేదో నేరుగా కొలవచ్చు. 2024 జూన్‌లో అమెరికాలో ఇమెటెల్‌స్టాట్‌కు అనుమతి వచ్చింది రక్తకణాలు సరిగ్గా తయారవని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే మజ్జ జబ్బుకే. ఇది 13 అక్షరాల ఒలిగో, చివర కొవ్వు తోక ఉంటుంది. కిలోకు 7.1 మిల్లీగ్రాములు, 4 వారాలకోసారి ఎక్కిస్తారు. వరసగా 8 వారాలు రక్తం ఎక్కించుకోకుండా గడపగలిగినవాళ్లు ఈ మందు మీద నూటికి 40 మంది, ఉత్తుత్తి మందు మీద 15 మంది. ఇది ఆర్ఎన్ఏని కోయించదు, కణాలు ఆగకుండా విభజన చెందడానికి తోడ్పడే టెలొమరేజ్ అనే ఎంజైమ్‌లోని ఆర్ఎన్ఏ అచ్చును పట్టుకుని దాన్ని ఆపుతుంది. కాబట్టి కచ్చితమైన అర్థంలో యాంటీసెన్స్ కాదు. అయినా ఒలిగో మజ్జకు చేరి మేలు చేయగలదని ఇది చూపించింది. తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోవడం దీనితో ఉన్న పెద్ద ఇబ్బంది. నెలనెలా రక్తం కోసం ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో నిమ్స్ ఆసుపత్రికో తిరిగే కుటుంబానికి ఆ 8 వారాల విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక తయారీ. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే గ్యాప్‌మర్ అమరిక 5-10-5. నడుమ 10 డీఎన్ఏ అక్షరాలు, రెండు కొసల్లో చెరో 5 మెథాక్సీఇథైల్ చక్కెర ఉన్నవి. నడుమ డీఎన్ఏ లేకపోతే ఎంజైమ్ కోయదు. కొసలు గట్టిగా లేకపోతే రక్తంలోనే మందు అరిగిపోతుంది. అక్షరాల మధ్య ఫాస్ఫేట్‌లో ఒక ఆక్సిజన్ బదులు గంధకం పెడతారు. గొలుసును 3 అని పిలిచే కొస నుంచి 5 అనే కొస వైపుకు ఒక్కో అక్షరం చొప్పున పెంచుతారు. కొసను కప్పి ఉంచే ట్రైటిల్ అనే మూతను ఆమ్లంతో తీయడం, కొత్త అమిడైట్‌ను (కలపడానికి సిద్ధం చేసిన అక్షరాన్ని) కలపడం, గంధకం ఎక్కించడం, కలవకుండా మిగిలిన కొసలను మూసేయడం, మళ్లీ మొదటికి. 20 అక్షరాలకు 19 కలపడాలు. ఒక్కో కలపడం 99 శాతం జరిగితే చివరికి పూర్తి గొలుసు 83 శాతం మిగులుతుంది. 97 శాతానికి దిగితే 56 మాత్రమే.

ఈ రెండు శాతం హైదరాబాద్‌లో చాలాసార్లు పోయేది వానాకాలపు తేమ వల్ల. అమిడైట్ పొడి గాలిలోని నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. ద్రావకంగా వాడే ఎసిటోనైట్రైల్‌లో నీరు 30 పీపీఎం దాటకూడదు. సీసా మీద అంకె ఏమున్నా, వాడే రోజు కార్ల్ ఫిషర్ అనే నీటి పరీక్షతో కొలిచి, నీటిని పీల్చే 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్ మీద నిలవబెట్టి వాడాలి. ఆమ్లం ఎక్కువసేపు ఉంచితే అడినిన్ ఊడిపోతుంది. తక్కువసేపు ఉంచితే ట్రైటిల్ మిగిలి ఒక అక్షరం తగ్గిన గొలుసు తయారవుతుంది. పూర్తి గొలుసు నుంచి దీన్ని విడదీయడం చాలా కష్టం. గంధకం ఎక్కించే పని మూసేసే పని కన్నా ముందు చేయాలి. క్రమం తారుమారైతే గంధకం బదులు ఆక్సిజన్ చేరి మాస్ స్పెక్‌లో (అణువు బరువు తేల్చే పరీక్షలో) బరువు 16 తక్కువగా కనిపిస్తుంది. చివర అమోనియాలో వేసే ముందు డైఇథైలమీన్‌తో కడగకపోతే థైమిన్ అక్షరానికి సైనోఇథైల్ అనే ముక్క అతుక్కుని 53 ఎక్కువ చూపిస్తుంది. ఇవన్నీ నెమ్మదిగా, ఓపికగా చేసే అనలిటికల్ కెమిస్టు పట్టుకోగలిగినవే. అలాంటి మనిషికి జీతం ఇవ్వడం ఇంకో యంత్రం కొనడం కన్నా ముఖ్యం.

పరిమాణం గురించి భయపడనక్కర్లేదు. ఒక మిల్లీమోల్ సింథసిస్‌కు లెక్క ప్రకారం దాదాపు 7 గ్రాములు రావాలి, శుద్ధి అయ్యాక సగం చేతికొస్తుందనుకోండి. 20 గ్రాముల ఎలుకకు కిలోకు 50 మిల్లీగ్రాముల మోతాదంటే 1 మిల్లీగ్రామే. 10 ఎలుకలకు వారానికి 5 రోజులు, 4 వారాలు ఇచ్చినా 200 మిల్లీగ్రాములతో సరిపోతుంది. భయపడాల్సింది ద్రావకాల గురించి. ఒక కిలో ఒలిగోకు సగటున 4,000 కిలోలకు పైగా ముడిసరుకు, ద్రావకాలు, నీరు ఖర్చవుతాయి. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల పరిసరాల్లో చెరువులకు మందుల ఫ్యాక్టరీల వల్ల ఏం జరిగిందో మనకందరికీ తెలుసు. ఎసిటోనైట్రైల్‌ను పట్టి తిరిగి వాడే ఏర్పాటు లేని ప్రతిపాదనకు మన సంఘం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

నిరూపణ విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. ఒకే ఒలిగోతో కణాలు చచ్చిపోయాయని చూపిస్తే అది రుజువు కాదు. ఒకే ఆర్ఎన్ఏని వేర్వేరు చోట్ల పట్టుకునే కనీసం రెండు ఒలిగోలు అదే ఫలితం ఇవ్వాలి. అదే కెమిస్ట్రీతో చేసిన తప్పు సీక్వెన్స్ ఆ ఫలితం ఇవ్వకూడదు. వరసగా నాలుగు జీ అక్షరాలు ఉన్న సీక్వెన్స్ ప్రోటీన్లకు అతుక్కుంటుంది. సీ తర్వాత జీ వచ్చే జంట రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. ఆబ్లిమెర్సెన్‌లో అలాంటి జంటలు రెండున్నాయి. ఎలుకల్లో గడ్డ తగ్గిందంటే బీసీఎల్2 తగ్గినందుకా, ఎలుక ఇమ్యూనిటీ లేచినందుకా అన్న ప్రశ్న అప్పటి నుంచీ వెంటాడుతోంది. సీ అక్షరానికి మిథైల్ గుంపు తగిలిస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. ఆర్ఎన్ఏ ఎంత మిగిలిందో కొలిచే క్యూపీసీఆర్ పరీక్షలో ప్రైమర్లు (కొలిచే ముక్కకు హద్దులు పెట్టే చిన్న పోగులు) కోత పడే చోటుకు ఇరువైపులా ఉండాలి, లేకపోతే తెగిన ముక్కనే లెక్కపెడుతూ కూర్చుంటాం. ఆర్ఎన్ఏ 24 గంటల్లో తగ్గినా పాత ప్రోటీన్ రోజుల తరబడి ఉంటుంది కాబట్టి 72 గంటలకూ ప్రోటీన్‌ను కొలిచే వెస్టర్న్ పరీక్ష చేయాలి. లిపిడ్ (కొవ్వు) రియేజెంట్‌తో కణాల్లోకి తోసి తెచ్చిన అంకెలను మేం పరిగణించం. మందును కణాలు పెరిగే ద్రవంలో ఊరికే కలిపినప్పుడు కణం తనంతట తాను తీసుకోవాలి. మానవ గడ్డను ఎలుకలో పెంచి చేసిన పరీక్షలో మన సీక్వెన్స్ ఎలుక జన్యువుతో జత కట్టకపోవచ్చు. అప్పుడు ఎలుకకు ఏ హానీ జరగలేదంటే దానికి అర్థమే లేదు. ఎలుక సీక్వెన్స్‌కు సరిపోయే జంట ఒలిగోను కూడా చేసి చూడాలి.

ఈ పనికి కొత్త భవనం అక్కర్లేదు. తార్నాకలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ 1977లో మొదలైందే ఇప్పటి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ జీవరసాయన విభాగంతో. రెండు ప్రాంగణాలూ నేటికీ ఇరుగుపొరుగే. కెమిస్ట్రీ ఒకచోట, కణాల పని పక్కన, మజ్జ నమూనాలు ఎథిక్స్ కమిటీ అనుమతితో నగరంలోని ఆసుపత్రుల నుంచి. మన సంఘం మూడేళ్ల పాటు ఒక అనలిటికల్ కెమిస్టుకూ ఒక హెమటాలజీ (రక్తవ్యాధుల) పోస్ట్‌డాక్‌కూ జీతాలు భరించాలి. ఇక్కడ ఈ పరిశ్రమలో ఉన్న మనవాళ్లు నెలకోసారి వాళ్ల క్రొమటోగ్రామ్‌లు, జెల్స్ లాంటి పరీక్ష ఫలితాలను అసలు రూపంలో కూర్చుని చూడాలి. స్లైడ్లు చాలవు. ఏడాది తిరిగేసరికి రోగుల మజ్జ కణాల్లో లిపిడ్ సాయం లేకుండా లక్ష్యపు ఆర్ఎన్ఏ 70 శాతం తగ్గకపోతే ఆ సీక్వెన్స్‌ను వదిలేసి, ఆ ఫలితాన్నీ ప్రచురించి, మిగిలిన డబ్బుతో తర్వాతి సీక్వెన్స్ మొదలుపెట్టాలి.