నీళ్లకు తీరిక ఇస్తే సీపీయూ చల్లబడదు

ఎండలు మొదలైతే చాలు, మా గేమింగ్ గ్రూపులో అదే మెసేజ్ మళ్లీ తిరుగుతుంది: ‘హైదరాబాద్ ఎండలకు వాటర్ కూలింగ్ చిట్కాలు’. వాటర్ కూలింగ్ అంటే, పంపు నీళ్లను తిప్పుతుంటే అవి సీపీయూ (కంప్యూటర్ ప్రధాన చిప్) వేడిని మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి వదలడం. పంపు వేగం బాగా తగ్గించండి, నీళ్లు రేడియేటర్‌లో ఎక్కువసేపు ఉండి చల్లారతాయట. పంపు వేగం పెంచితే దాని వేడే నీళ్లకు ఎక్కుతుందట. ఫిల్టర్ నీళ్లు పోసినా పరవాలేదట. రేడియేటర్ తర్వాతే సీపీయూ రావాలట. ఇవన్నీ చేస్తే గదిలో ఏసీ అక్కర్లేదట.

ఏసీ సంగతి ముందు. మెషీన్ 300 వాట్లు తింటే ఆ 300 వాట్లూ చివరికి గదిలోకే వస్తాయి. నీళ్లు వేడిని మోస్తాయి, మింగేయవు. మే మధ్యాహ్నం గది 36 డిగ్రీలుంటే నీళ్లు అంతకంటే కిందికి దిగవు. రేడియేటర్ ముందా సీపీయూ ముందా అన్నది కంప్యూటర్ డబ్బాలో పైపులు ఎలా కుదిరితే అలా. తేడా ఒకటి రెండు డిగ్రీలు.

ఇక అసలు చిట్కా, పంపు వేగం తగ్గించడం. నీళ్లు రేడియేటర్‌లో ఎక్కువసేపు ఉంటాయి, నిజమే. సీపీయూ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు అందించే రాగి బ్లాక్‌లో కూడా అంతే ఎక్కువసేపు ఉండి కాగుతాయి కదా, అది ఎవరు చెప్పాలి? ఇది మూసిన లూప్, అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి. మొత్తం నీళ్లలో మూడో వంతు రేడియేటర్‌లో పడుతుందనుకోండి. పంపు పరిగెత్తినా పాకినా, ప్రతి చుక్కా తన కాలంలో మూడో వంతే అక్కడ గడుపుతుంది. మీరు ఇచ్చిన అదనపు తీరిక ఎక్కడా లేదు.

లెక్క కావాలా? నిమిషానికి 4 లీటర్లు పారితే 300 వాట్ల వేడికి, లూప్‌లో బాగా వేడెక్కిన చోటుకీ బాగా చల్లారిన చోటుకీ తేడా దాదాపు 1 డిగ్రీ. నిమిషానికి 1 లీటరైతే 4 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు రేడియేటర్ నుంచి వచ్చే పైపు పట్టుకుంటే చల్లగానే తగులుతుంది. మనవాళ్లు పట్టుకునేది ఆ పైపే! బ్లాక్ నుంచి బయటికొచ్చే పైపు మీద కూడా ఓసారి చెయ్యి వేయండి, జ్ఞానోదయం అవుతుంది. పైగా బ్లాక్ లోపలి సన్నని గాడుల్లో నీళ్లు నెమ్మదిస్తే రాగి నుంచి వేడి అందుకోవడమే తగ్గుతుంది. నీళ్లు చల్లగా, సీపీయూ మాత్రం సలసలా. మరీ తగ్గిస్తే కొన్ని పంపులు స్టార్టే కావు. కానివ్వండి, అప్పుడు నీళ్లకు కావలసినంత విశ్రాంతి.

ఫిల్టర్ నీళ్లలో ఎంతో కొంత లవణాలు ఉంటాయి. బోరు నీళ్లయితే బకెట్ అంచున తెల్లటి పొర చూడనివాళ్లు ఈ ఊళ్లో ఎవరు? ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ కొంటాం, వేలు పోసి కొన్న బ్లాక్‌కి మాత్రం వంటింటి నీళ్లా? డిస్టిల్డ్ వాటర్ కూడా ఒక్కటే చాలదు. తుప్పునూ నాచునూ ఆపే మందు కలపాలి, లేదంటే రెడీమేడ్ కూలెంట్ పోయాలి.

పంపు వేడి విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాడికి ఒక దండం. అది నిజం. వాటర్ కూలింగ్‌లో వాడే డీ5 లాంటి పంపు ఫుల్ స్పీడ్‌లో 20 వాట్లు దాటుతుంది, అందులో చాలావరకు నీళ్లలోకే చేరుతుంది. మీ రేడియేటర్ 200 వాట్లకు నీళ్లను గది కంటే 10 డిగ్రీలు పైన ఉంచుతుందంటే, పంపు ఇచ్చే 20 వాట్లు ఇంకో డిగ్రీ కలుపుతాయి. చిన్న రేడియేటర్‌కి రెండు పంపులు తగిలించి ఫుల్‌లో నడిపేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఈ మాట చెప్పాల్సిందే. వేగం 100 నుంచి 80 శాతానికి దించితే ప్రవాహం ఐదో వంతే తగ్గుతుంది, పంపు తినే కరెంటు లెక్క ప్రకారం దాదాపు సగమవుతుంది. అక్కడి నుంచి పైకి పెంచితే దక్కేది స్వల్పం, చప్పుడు మాత్రం బోలెడు.

కాబట్టి పంపు ఫుల్‌లో మొదలుపెట్టి, పది శాతం చొప్పున దించుతూ, ప్రతిసారీ ఓ అరగంట సీపీయూకి బరువైన పని పెట్టి నడపండి. సీపీయూ టెంపరేచర్‌లోంచి గది టెంపరేచర్ తీసేసి రాసుకోండి. ఆ అంకె పెరగడం మొదలైన చోటికి ఒక మెట్టు పైన ఆపేయండి.